వెయ్యి ఇడియమ్స్ బట్టీ పట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 29. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఎం.కాం. చేశాను. విజయవాడలో ఒక అకౌంటింగ్ ఆఫీసులో పని, రోజూ రైల్లో వెళ్లి వస్తాను. మా క్లయింట్లు అమెరికావాళ్లు. వాళ్ల ఇన్‌వాయిస్‌లు సరిచూడాలి, ఈమెయిళ్లు రాయాలి, కాల్స్‌లో కూర్చోవాలి. మామూలు ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ ‘టచ్ బేస్’, ‘బాల్‌పార్క్ ఫిగర్’, ‘రెయిన్ చెక్’ లాంటివి వచ్చినప్పుడు అందరూ తలాడిస్తారు, నేనూ ఆడిస్తాను. ఏలూరు రోడ్డులో వెయ్యి ఇడియమ్స్ ఉన్న పుస్తకం కొని రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాను. పోయిన నెల ఒక ఇన్‌వాయిస్‌లో మొత్తం కలవలేదు. ‘స్మెల్ ఎ ర్యాట్’ అంటే ‘అనుమానపడు’ అని పుస్తకంలో ఉంది కదా అని, క్లయింట్‌కి ‘ఐ స్మెల్ ఎ ర్యాట్ ఇన్ దిస్ ఇన్‌వాయిస్’ అని రాశాను. ఆయనకు బాగా కోపం వచ్చింది. మా మేనేజర్ ఫోన్ చేసి సర్దిచెప్పారు. అప్పటినుంచి ఆఫీసులో నన్ను ‘ర్యాట్ మేడమ్’ అంటున్నారు. ఇప్పుడు మెయిల్ రాయాలంటేనే టెన్షన్. ఈ వయసులో ఇవి నాకు ఒంటబడతాయా? ఎలా నేర్చుకోవాలి? మా తమ్ముడు ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్నాడు, వాడికీ ఇదే పద్ధతా?

సమాధానం: అమ్మా, ముందు ఆ ఎలుక సంగతి తేల్చేద్దాం. మీ పుస్తకం అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. ‘స్మెల్ ఎ ర్యాట్’ అంటే అనుమానపడడమే. కానీ లెక్క తప్పిందేమో అన్న అనుమానం కాదు, అవతలివాడు ఏదో మోసం చేస్తున్నాడన్న అనుమానం. ‘ఇందులో ఏదో మతలబు ఉంది’ అంటాం చూడండి, అది. అదే క్లయింట్‌కి మీరు తెలుగులో రాయాల్సి వస్తే ‘అయ్యా, మీ బిల్లులో ఏదో మతలబు ఉంది’ అని రాస్తారా? చచ్చినా రాయరు. ‘మొత్తం కలవడం లేదండీ, ఒక్కసారి చూస్తారా’ అంటారు. ఇంగ్లిష్‌లోనూ అంతే రాయాలి: ‘ద టోటల్ డజ్ నాట్ మ్యాచ్. కుడ్ యూ ప్లీజ్ చెక్?’

మీ మేనేజర్ మాట్లాడేశారు కాబట్టి ఆ విషయం అక్కడితో ముగిసింది. మళ్లీ క్షమాపణ మెయిల్ పంపి ఆయనకు గుర్తుచేయొద్దు. ఇక ‘ర్యాట్ మేడమ్’ అంటున్నవాళ్ల గురించి: మీరు ఆ మెయిల్ రాయకముందు వాళ్లలో ఎంతమందికి ఆ తేడా తెలుసో నాకు గట్టి అనుమానం. కొన్నాళ్లు నవ్వేసి ఊరుకోండి, వాళ్లకే విసుగొస్తుంది.

వయసు గురించి బెంగ వద్దు. మీకు తెలుగు నుడికారాలు వందల్లో వచ్చు. నీళ్లు నమలడం, చేతులెత్తేయడం, గాలికి వదిలేయడం, చెవిలో పువ్వు పెట్టడం. ఇవి ఎవరూ మీకు రోజుకు పది చొప్పున అప్పజెప్పించలేదు. ఎవరో ఎవరినో తిడుతుంటే విన్నారు, ఎందుకు తిట్టారో కూడా చూశారు, రెండూ కలిసి మనసులో దిగిపోయాయి. ‘నీళ్లు నమలకు’ అని అమ్మ పిల్లాడితో అంటుంది. పిల్లాడు అమ్మతో అంటే వీపు విమానం మోత మోగుతుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, అయినా మీకు తెలుసు. ఇంగ్లిష్ ఇడియమ్స్ విషయంలో మీకు లేనిది ఆ రెండో సగమే. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూ అన్నారా, చిరాకుతో అన్నారా. అర్థం ఒక్కటే బట్టీ పడితే ఇన్‌వాయిస్‌లో ఎలుకలు దూరతాయి.

ఇంకో ఉదాహరణ చూడండి. ‘కిక్ ద బకెట్’ అన్నదానికి మీ పుస్తకంలో ‘చనిపోవు’ అని ఉంటుంది. మనకు ‘కాలం చేశారు’ ఉంది, ‘చనిపోయారు’ ఉంది, ‘పోయాడు’ ఉంది, ‘టపా కట్టేశాడు’ ఉంది. నాలుగింటి అర్థమూ ఒకటే, కానీ మూడోరోజు పలకరింపుకి వెళ్లి నాలుగోది అన్నారంటే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. ‘కిక్ ద బకెట్’ సరిగ్గా ఆ ‘టపా కట్టేశాడు’ పక్కన కూర్చునే మాట. క్లయింట్ ఇంట్లో ఎవరైనా పోతే ‘పాస్డ్ అవే’ అనాలి. పుస్తకాలు మాత్రం వీటన్నిటినీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరసలో అచ్చువేస్తాయి.

కాబట్టి నా మొదటి సలహా: రోజుకు పది పద్ధతి ఈరోజే ఆపేయండి. మీ అసలు పుస్తకం మీ ఆఫీసు మెయిల్‌బాక్స్. పాత మెయిళ్లు తెరిచి, క్లయింట్లు రాసిన వాటిలో మాటకు మాట అర్థం చెప్పుకుంటే పొసగని వాక్యాలు ఏరండి. ఇడియమ్ ఒక్కటే కాదు, వాక్యం మొత్తం రాసుకోండి. దాని కింద ఎవరు ఎవరికి రాశారు, ఆ తర్వాత ఏం జరిగింది అన్నది తెలుగులో ఒక లైను. ఉదాహరణకు ‘లెట్స్ టచ్ బేస్ ఆన్ థర్స్‌డే’ కింద ‘మా మేనేజర్‌కి క్లయింట్ రాశాడు, గురువారం చిన్న కాల్ పెట్టుకున్నారు, ఐదు నిమిషాల్లో అయిపోయింది’ అని రాసుకుంటే, ‘టచ్ బేస్’ అంటే పెద్ద మీటింగ్ కాదు, ఓసారి పలకరించుకుని పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం అని మీకే తెలుస్తుంది. ఒక ఆఫీసులో తిరిగి తిరిగి వచ్చే ఇడియమ్స్ వెయ్యి ఉండవు. టైమ్, డబ్బు, ఎవరు చేయాలి, ఎంతవరకు వచ్చింది, ఒప్పుకుంటున్నామా లేదా అనే నాలుగైదు విషయాల చుట్టూనే తిరుగుతాయి.

మీరు అడిగిన మూడూ ఒకే చోటి నుంచి వచ్చాయని గమనించారా? మూడూ బేస్‌బాల్ మాటలు. అమెరికావాళ్ల మాటల్లో బేస్‌బాల్ మన మాటల్లో క్రికెట్ కంటే లోతుగా పాతుకుపోయింది. ఆ ఆటలో పరుగు తీసేవాడు మైదానంలోని బేస్‌లను వరసగా తాకుతూ పోవాలి, ‘టచ్ బేస్’ అక్కడి మాటే. ‘బాల్‌పార్క్’ అంటే ఆ ఆట ఆడే స్టేడియం. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క. అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు ఇక్కడ ఒక హెచ్చరిక. ‘గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అని అడిగినవాడికి సెంట్లతో సహా తేల్చిన లెక్క రెండు రోజుల తర్వాత పంపితే ఉపయోగం లేదు. ‘పన్నెండు వేల డాలర్లు, అటూ ఇటూగా’ అని అప్పటికప్పుడు చెప్పాలి.

‘రెయిన్ చెక్’ కథ బాగుంటుంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో వాన వల్ల ఆట ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూడడానికి ప్రేక్షకులకు ఒక చీటీ ఇచ్చేవారు. అదే రెయిన్ చెక్. ఇప్పుడు వానతో సంబంధం లేదు. ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్ ఆన్ ఫ్రైడేస్ కాల్?’ అని క్లయింట్ రాస్తే శుక్రవారం కాల్ లేదని అర్థం. ‘ఇప్పుడు కుదరదు, ఇంకోసారి పెట్టుకుందాం’ అని మర్యాదగా చెబుతున్నాడు. ఇందులో డబ్బు చెక్కూ లేదు, ఏదో సరిచూడమనీ లేదు. మీరు చేయాల్సిందల్లా ఇంకో తేదీ అడగడం. ఇదే ఆట నుంచి ‘కర్వ్‌బాల్’ వచ్చింది, అనుకోకుండా ఎదురైన చిక్కు. ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’ వచ్చింది, బాధ్యత నెత్తినేసుకుని ముందుకు రావడం. సెలవురోజు ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ వీడియో చూడండి. రూల్స్ సగం అర్థమైనా చాలు, ఈ మాటలు మర్చిపోమన్నా మర్చిపోరు.

క్రికెట్ ఇడియమ్స్ మనకు నల్లేరు మీద నడక. అంబటి రాయుడి ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’ అంటే వెనక్కి తగ్గి కాచుకునే పరిస్థితి అని ఎవరూ చెప్పక్కర్లేదు. ‘స్టికీ వికెట్’ అంటే ఇబ్బందికరమైన పరిస్థితి. పిచ్‌లను కప్పని రోజుల్లో వాన పడి, ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు పోతుందో బ్యాట్స్‌మన్‌కి తెలిసేది కాదు. ‘హ్యాట్రిక్’ కథ కూడా కట్టుకథ కాదు. 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్సన్ అనే బౌలర్ వరసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే, చందా వేసి ఆయనకు టోపీ కొనిచ్చారు. అయితే ఈ క్రికెట్ మాటల్లో హ్యాట్రిక్ తప్ప మిగతావి మీ అమెరికా క్లయింట్ దగ్గర చెల్లవు. ‘వియ్ ఆర్ ఆన్ ఎ స్టికీ వికెట్’ అని మీరంటే, మీరు తలాడించినట్టే ఆయనా తలాడిస్తాడు.

మీకు అందరికంటే దగ్గరగా ఉన్న గని ఇంకొకటి ఉంది. మీ ఎం.కాం. ఇంగ్లిష్ వ్యాపార ఇడియమ్స్‌లో చాలా భాగం లెక్కల పుస్తకంలోంచే పుట్టాయి. ‘ఇన్ ద రెడ్’ అంటే నష్టాల్లో, ‘ఇన్ ద బ్లాక్’ అంటే లాభాల్లో. ఖాతా పుస్తకాల్లో లోటు ఎర్ర సిరాతో, మిగతావి నల్ల సిరాతో రాసే అలవాటు నుంచి వచ్చాయి. ‘బాటమ్ లైన్’ అంటే లాభనష్టాల పట్టీలో చిట్టచివరి లైను. మాటల్లో ‘అసలు విషయం’, ‘చివరికి తేలేది’ అని అర్థం. మన మిర్చి యార్డులో రైతు కమీషన్, హమాలీ, కాటా ఖర్చు అన్నీ విన్నాక ‘అవన్నీ సరేగానీ, నా చేతికి ఎంతొస్తుంది?’ అంటాడే, ఆ మాటే ‘వాట్స్ ద బాటమ్ లైన్?’ ‘క్రంచ్ ద నంబర్స్’ అంటే కూర్చుని లెక్కలన్నీ కట్టడం. ‘రైట్ ఆఫ్’ (రాని బాకీని లెక్కలోంచి కొట్టేయడం), ‘బ్రేక్ ఈవెన్’ (లాభమూ నష్టమూ లేకుండా తేలడం) మీకు పాఠాల్లోనే వచ్చాయి, వాటిని మనుషుల గురించి, ప్రయత్నాల గురించి కూడా వాడతారు. ‘డోంట్ రైట్ హిమ్ ఆఫ్’ అంటే ‘వాడి పని అయిపోయిందనుకోకు’.

‘గో అండర్’, ‘గో బెల్లీ అప్’ అన్న రెండూ కంపెనీ మునిగిపోవడం. మన దగ్గర ‘ఐపీ పెట్టాడు’ అంటే చాలు, వీధి వీధంతా అర్థం చేసుకుంటుంది. వీటిలో ‘బెల్లీ అప్’ కాస్త ఎగతాళి మాట, చచ్చిన చేప పొట్ట పైకి చేసి తేలినట్టు. దివాలా తీసిన క్లయింట్ గురించి ఆయనకే రాసేటప్పుడు వాడకూడదు. ఇక ‘కుక్ ద బుక్స్’ అంటే దొంగ లెక్కలు రాయడం. దీన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి, సరదాకి కూడా నోట రానివ్వకండి. ఎలుక కంటే ఇది పెద్ద గొడవ.

గుంటూరువాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. 1842లో మిషనరీ హేయర్ దొర ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఊళ్లో లూథరన్ చర్చి ఉంది, 1885 నుంచి ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ ఉంది. మీరు చర్చికి వెళ్లేవారో కాదో నాకు తెలియదు గానీ, వెళ్లే స్నేహితురాలు ఒక్కరైనా ఉండకపోరు. ఇంగ్లిష్ ఇడియమ్స్‌లో చాలా వాటికి పుట్టిల్లు బైబిల్. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఆ కథలు ముందే తెలుసు, అవి ఇడియమ్స్ అని మాత్రం తెలియదు. గొర్రె తోలు కప్పుకుని వచ్చే తోడేలు అక్కడిదే. యేసుకు శిక్ష విషయంలో రోమా అధికారి పిలాతు జనం ముందు చేతులు కడుక్కున్నాడు. ‘వాష్ యువర్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్’ అంటే అదే, మన ‘చేతులు దులుపుకోవడం’. బెల్షస్సరు రాజు విందులో గోడ మీద ఒక చెయ్యి రాత రాసింది. చెడు రాబోతోందని ముందే స్పష్టంగా కనిపించే సూచనని ‘ద రైటింగ్ ఆన్ ద వాల్’ అంటారు. ద్రాక్షతోటలో పనికి సాయంత్రం ఐదింటికి వచ్చిన కూలీల ఉపమానం ఉంది కదా. పొద్దున్నుంచి లెక్కేస్తే అది పదకొండో గంట, పని ఇంక ఒక గంటే మిగిలింది. ‘అట్ ద ఇలెవెన్త్ అవర్’ అంటే చివరి నిమిషంలో అని అర్థం రావడం అందుకే. ‘ఒక మైలు రమ్మంటే రెండు మైళ్లు వెళ్లు’ అన్నదాని నుంచి ‘గో ద ఎక్స్‌ట్రా మైల్’ వచ్చింది. ఇది మీ అప్రైజల్ ఫారంలో కనిపిస్తే సంతోషించండి, అడిగినదానికంటే ఎక్కువ చేశారని మెచ్చుకుంటున్నారు.

కథల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. యూట్యూబ్‌లోనూ వాట్సాప్‌లోనూ ఇడియమ్స్ పుట్టుక అని తిరిగేవాటిలో చాలావరకు ఎవరో తీరుబడిగా అల్లినవి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ఎలా వచ్చిందంటే, పాతకాలంలో పూరికప్పుల్లో పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారి కిందపడేవి కాబట్టి అంటారు. ఇది ఒట్టి కట్టుకథ. అసలు ఎలా పుట్టిందో ఎవరికీ తేలలేదు, 18వ శతాబ్దం నాటికి మాత్రం వాడుకలో ఉంది. మన స్కూళ్లలో నేర్పే మొదటి ఇడియమ్ ఇదే, ఇప్పటి ఇంగ్లిష్‌వాళ్లు అరుదుగా వాడేదీ ఇదే. కుండపోత వాన పడుతుంటే వాళ్లు ‘ఇట్స్ పోరింగ్’ అని ఊరుకుంటారు.

ఇప్పుడు తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోట్లు చెబుతాను. మీ అసలు ప్రమాదం ఇక్కడుంది. ‘గివ్ మీ ఎ హ్యాండ్’ అంటే కాస్త సాయం చేయమని. తెలుగులో ‘చెయ్యిచ్చాడు’ అంటే సరిగ్గా తిరగబడిపోతుంది, నమ్మించి మోసం చేశాడని. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే ఏదో కల్పించి చెప్పి ఆటపట్టించడం, అందులో కుళ్లు లేదు. మనం ‘కాళ్లు పట్టి లాగడం’ అంటే ఎదుగుతున్నవాడిని కిందికి దించడం. ‘మై టీమ్ లీడర్ ఈజ్ ఆల్వేస్ పుల్లింగ్ మై లెగ్’ అని మీరు హెచ్ఆర్‌కి ఫిర్యాదు చేస్తే, మీ ఆఫీసులో మంచి సరదా మనిషి ఉన్నాడని వాళ్లు మురిసిపోతారు.

రెండోది, మన నుడికారాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో దించడం. ‘డోంట్ ఈట్ మై హెడ్’ అన్నది మన దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అమెరికాలో ఉలిక్కిపడతారు. ‘కడుపు మండిపోతోంది’ని అలాగే దించితే గ్యాస్ మాత్ర వేసుకోమంటారు. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2017’ అంటే ఆ ఏడాది డిగ్రీ పూర్తయిందని మనకు, స్పృహ తప్పి పడిపోయారని వాళ్లకు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘డూ ద నీడ్‌ఫుల్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ తప్పులు కావు, కానీ మన దేశం దాటితే పాత సర్కారు ఉత్తరాల వాసన వేస్తాయి. విజయవాడ ఆఫీసుల్లో ఒకరికొకరు నిక్షేపంగా రాసుకోవచ్చు. వాటిని చూసి నవ్వే బాపతు మనవాళ్లను నేను పట్టించుకోను. అమెరికా మెయిల్లో మాత్రం ఏం చేయాలో ఆ పనే నేరుగా రాయండి.

అలాగని అన్నీ ఉచ్చులు కావు. ‘కీప్ యాన్ ఐ ఆన్ ఇట్’ మన ‘ఓ కన్నేసి ఉంచు’. ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’ మన ‘పెడచెవిన పెట్టడం’. ‘ప్లే విత్ ఫైర్’ మన నిప్పుతో చెలగాటం. ఇలా అతికినట్టు సరిపోయేవి ముందు నేర్చుకుంటే ధైర్యం వస్తుంది.

ఇంకో నియమం. ఇడియమ్‌లో మాటలు మార్చకూడదు. ‘నీళ్లు నమిలాడు’ అంటాం గానీ ‘మంచినీళ్లు నమిలాడు’ అనం కదా. ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ని ‘డాగ్స్ అండ్ క్యాట్స్’ చేయకూడదు. ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’లో ‘యువర్’ని ‘దెయిర్’ చేయొచ్చు, ‘కోర్ట్’ని ‘గ్రౌండ్’ చేయకూడదు. (ఇది టెన్నిస్ మాట. ఇప్పుడు నిర్ణయం తీసుకోవాల్సింది మీరు అని అర్థం. న్యాయస్థానంతో పనిలేదు.) వాక్యం మొత్తం రాసుకోమన్నది ఇందుకు కూడా.

అర్థం చూడడానికి ఆ పుస్తకం బదులు కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం నడిపే డిక్షనరీలు వాడండి. ఆన్‌లైన్‌లో ఉచితం. వాటిలో అర్థం కంటే ముందు పక్కనుండే చిన్న గుర్తు చదవండి. ‘ఇన్‌ఫార్మల్’ అంటే స్నేహితుల మధ్య మాట. ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అంటే తాతలనాటిది. ‘డిస్‌అప్రూవింగ్’ అంటే తప్పుపట్టే మాట. ‘హ్యూమరస్’ అంటే నవ్వుకోవడానికి. ఈ గుర్తుల్లో ఏదైనా ఉంటే క్లయింట్ మెయిల్లో వాడకండి. బ్రిటిష్, అమెరికన్ అన్న గుర్తూ ఉంటుంది. ‘టేబుల్’ అన్న క్రియ చూడండి: ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే బ్రిటన్‌లో చర్చకు పెడదామని, అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెడదామని. మీ క్లయింట్ ఆ మాటంటే మీరు ఫైలు మూసేయాలి, తెరవకూడదు.

ఇక రేపటి కాల్‌లో తెలియని మాట వస్తే ఏం చేయాలి? తలాడించడం మానేయండి. ‘వాట్ డజ్ ఇట్ మీన్?’ అని అడగడం మొహమాటమైతే అడగక్కర్లేదు. మీకు అర్థమైన పనిని మామూలు ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పండి. ‘జస్ట్ టు కన్ఫర్మ్, యూ వాంట్ ద రిపోర్ట్ బై వెడ్నెస్‌డే, రైట్?’ మీరు సరిగ్గా పట్టుకుంటే ‘యెస్’ అంటాడు. లేకపోతే ‘నో, ఐ మీన్’ అని మొదలుపెట్టి అదే ఇడియమ్‌ని మామూలు మాటల్లో విప్పి చెబుతాడు. ఉచితంగా పాఠం దొరికినట్టే, పైగా ఏదీ వదలకుండా పనిచేసే మనిషి అని పేరు. పక్కన తలాడించే వాళ్లందరూ మీవైపు కృతజ్ఞతగా చూస్తారు, చూడండి.

సొంతంగా ఎప్పుడు వాడాలి? ఒక ఇడియమ్‌ని ఒకే క్లయింట్, లేదా ఆయన స్థాయిలో ఉన్నవాళ్లు, వేర్వేరు సందర్భాల్లో కొన్నిసార్లు వాడగా మీరు చూసి ఉండాలి. ఆ తర్వాత ఆయనకే, ఆయన వాడిన తీరులోనే రాయండి. ‘కీప్ మీ పోస్టెడ్’ (ఎప్పటికప్పుడు తెలియజేయండి), ‘ఆన్ ద సేమ్ పేజ్’ (ఇద్దరి అవగాహనా ఒకటే), ‘ఇన్ ద లూప్’ (సమాచారం అందేవాళ్లలో ఒకరు), ‘ఆన్ ట్రాక్’ (అనుకున్నట్టే సాగుతోంది) లాంటి సాదా మాటలతో మొదలుపెట్టండి, వీటితో ఎవరికీ కోపం రాదు. డబ్బు తేడా, ఆలస్యం, ఫిర్యాదు, క్షమాపణ, చావు: ఈ ఐదింటి గురించి రాసేటప్పుడు మాత్రం ఇడియమ్ జోలికే పోకండి, ఎంత బాగా వచ్చినా సరే. మామూలు ఇంగ్లిష్ రాసినందుకు ఏ క్లయింటూ ఎవరికీ ఫోన్ చేసి గొడవపడడు. మెయిల్ రాశాక అనుమానంగా ఉంటే ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో, అదే మనిషితో, ‘మీరు’ అంటూ చెప్పుకుని చూడండి. మర్యాద తప్పితే మీ చెవికే తెలుస్తుంది.

మీ తమ్ముడి సంగతి వేరు. అతనికి ఎవరికీ మెయిల్ రాసే పని లేదు, నాలుగు ఆప్షన్లలో ఒకటి పెట్టే పని. అక్కడ బట్టీ పనికొస్తుంది, ఆ వెయ్యి ఇడియమ్స్ పుస్తకం అతనికి ఇచ్చేయండి. కానీ మొదటి పేజీ నుంచి చదవొద్దనండి. ముందు పాత ప్రశ్నపత్రాల్లోని ఇడియమ్స్ అన్నీ ఏరి రాసుకోవాలి, అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. పుస్తకం ఆ తర్వాత. టియర్ 1లో, అంటే తొలి దశ పరీక్షలో, ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. అందులో ఇడియమ్స్ కొన్నే ఉంటాయి కాబట్టి గ్రామర్ వదిలేసి వీటి మీదే కూర్చోవద్దు. ఆప్షన్లలో మాటకు మాటగా అర్థం చెప్పేది ఒకటి తరచూ ఉంటుంది, ‘స్మెల్ ఎ ర్యాట్’కి ‘చెడు వాసన పసిగట్టు’ లాంటిది. దాన్ని ముందే కొట్టేయొచ్చు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది, కాబట్టి రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగిలిన వాటిలో ఒకటి పెట్టేయమనండి. ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేసి ముందుకు పోవాలి. వంద ప్రశ్నలకు ఉన్నది 60 నిమిషాలే.